అంతమ్మ పోసిన నీళ్లు

"కింద బొగ్గులు. బొగ్గుల మీద దొడ్డుప్పు. నడుమ రాగిరేకు. ఆ రేకుకెళ్లి ఇంటిదాక ఓ రాగిపట్టీ. ఇల్లునే కట్టేసిన్రన్నా!" అంటూ సైదులు ఒక్కొక్క వేలూ ముడిచి చెబుతున్నాడు.

మొయినాబాద్‌లో మెహదీపట్నం బస్సులు ఆగే చోట, చాయ్ హోటల్ ముందు నిలబడి ఉన్నాం. సైదులు తాపీ మేస్త్రీ. నేను కరెంటు పనివాణ్ణి, శ్రీశైలం నా పేరు, దుకాణం చేవెళ్లలో. అతను గోడలు లేపిన ఇళ్లకే నేను వైర్లు లాగడం పదేళ్లుగా సాగుతోంది. ఊళ్ల సంగతులు చెప్పకపోతే అతనికి చాయ్ అరగదు. నాకేమో పొద్దున్నే ఆ ముచ్చట్లు వింటే తల తిరుగుతుంది. అందుకే సగం చెవితో వింటున్నాను.

"ఎవరింట్ల?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"చిన్న మంగళారం రాజమౌళన్న ఇంట్ల. మనం జేసిన ఇల్లే గదనే! ఈశాన్యం మూలకు తులసికోట కడదామని తవ్విన్రట. రెండడుగులు పోంగనే బొగ్గులు ఎల్లినయ్. ఇదేందని ఇంకా తవ్విన్రు. ఉప్పు ఎల్లింది. ఇంకా తవ్వితే రేకు. పచ్చగ చిలుం పట్టి, దాని మీద ఏవో అంకెలు గీకి ఉన్నయట."

ఆ అంకెలు నేను మేకుతో గీకిన తేదీ. ఆ రేకు నేను పాతిందే. ఆ బొగ్గులూ ఉప్పూ నా చేతులతో పోసినవే.

ఎర్తింగ్ అంటాం మేము. ఇంట్లో ఎక్కడైనా కరెంటు దారి తప్పి ఇనుము మీదికి వస్తే, మనిషిని పట్టుకోకుండా నేలలోకి పోవడానికి వేసే దారి అది. చుట్టూ మన్ను తడిగా ఉంటేనే పనిచేస్తుంది, ఆ తడి నిలవడానికే బొగ్గూ ఉప్పూ. ఇల్లు కట్టేవాళ్లలో ఒక్కడైనా దీని గురించి అడుగుతాడా? గదికో రంగు లైటు ఎక్కడ పెట్టాలో వారం రోజులు మాట్లాడతారు, బెడ్‌రూమ్‌లో స్విచ్చి బంగారు రంగుదే కావాలంటారు. ప్రాణం కాపాడేది మట్టిలో ఉంటుంది, కనబడదు, కాబట్టి దాని ఊసే ఉండదు. రాజమౌళి కూడా అలాంటివాడే. పైగా స్తంభం నుంచి తీగ వేలాడితే ఇంటి ముఖం పాడవుతుందని పట్టుబట్టాడు. సరేనని కందకం తవ్వించి, ఇనుప తొడుగున్న కేబుల్‌ను భూమిలోంచే, ఆ ఈశాన్యం మూల పక్కగా ఇంటిదాకా తెచ్చాను. ఆ తొడుగునూ, ఇంట్లోని ఎర్తు తీగలన్నిటినీ, వరండా ఇనుప జాలీకి బిగించిన మీటరు పెట్టెనూ కలిపి ఆ రాగిరేకుకే కట్టాను.

"తీసేసిన్రా దాన్ని?" అన్నాను.

"తియ్యక? గడ్డపారతోని పొడిచి పొడిచి తీసిన్రు. పట్టీని గొడ్డలితోని నరికిన్రు. అంత మూటగట్టి చెర్ల ఇసిరేసిన్రు. అసలు కత అప్పుడు షురువైంది. వరండ జాలీ ముట్టుకుంటే చాలు, జివ్వుమని గుంజుతున్నదట. నిర్మలక్క తడిచేత్తోని పట్టుకుంటే ఇసిరికొట్టింది. చెప్పులున్నయ్ గాబట్టి బతికింది."

నిర్మల రాజమౌళి భార్య. నాకు ఒళ్లు మండిపోయింది.

"కరెంటురా అది! మెయిన్ బంద్ చెయ్యమని చెప్పేటోడు ఒక్కడు లేడా ఊర్ల?"

"నాకెందుకు చెప్తవ్? రాజమౌళన్న మెయిన్ బంద్ చేసే చూసిండు. ఇంట్ల ఒక్క లైటు లేదు, ఫ్యాన్ తిరుగుతలేదు. అయినా జాలీ గుంజుతనే ఉన్నది. కరెంటే లేనప్పుడు గుంజేది ఏంది మరి? బాణామతి గాకుంటే?"

ఆ ప్రశ్న తప్పు కాదు. మెయిన్ స్విచ్చి ఇంట్లో ఉంది. గడ్డపార పోటు తగిలింది బయట, మట్టిలో ఉన్న కేబుల్‌కు. లోపల ఎన్ని బంద్ చేసినా స్తంభం నుంచి వచ్చే కరెంటు ఆ పోటులోంచి తొడుగుకూ, తొడుగు నుంచి మీటరు పెట్టెకూ, పెట్టె నుంచి జాలీకీ ఎక్కుతూనే ఉంటుంది. నేలలోకి పోదామంటే రాగిరేకు చెరువులో ఉంది. పైన తీగ కనబడితే ఎవరికైనా అనుమానం వచ్చేది. ఏ తీగా లేని ఇంట్లో, మెయిన్ ఆపాక కూడా ఇనుము మనిషిని గుంజుతుంటే, చదువుకున్నవాడైనా దేవుడికో దయ్యానికో దండం పెడతాడు.

మా వైపు బాణామతి, అంటే చేతబడి, అన్న మాట ఊరికే అనరు. ఒకసారి అన్నారంటే, చేసిన మనిషి ఎవరో తేలాలి. తేలాక ఆ మనిషి ఊళ్లో బతకడం కష్టం. ఒక్కోసారి బతకడమే కష్టం.

"ఎవరు చేసిన్రంటున్నరు?"

"అంతమ్మ."

గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

అంతమ్మ రాజమౌళి ఇంటికి ఎదురుగా ఒంటిగది ఇంట్లో ఉండే పెద్దామె. మొగుడు లేడు, అరవై దాటాయి. ఆ ఇల్లు కట్టినన్ని రోజులూ గోడలకు నీళ్లు కొట్టింది ఆమే. నేను రేకు పాతి మట్టి పూడ్చిన రోజు ఆమెను పిలిచి, "అవ్వా, రోజు సందేళ ఈ మూలకు రెండు బకెట్ల నీళ్లు పొయ్యి, నెలకోసారి గుప్పెడు ఉప్పెయ్యి" అని చెప్పాను. ఆమెకు తారీఖులు తెలియవు. "నెల అని నాకెట్ల ఎర్కైతది బిడ్డా?" అంది. "అమాసకు అమాసకు వెయ్యవ్వా" అన్నాను. అనేసి మర్చిపోయాను.

ఆమె మర్చిపోలేదు.

"ఇల్లు కట్టి ఏడాదైనా రోజూ సందేళ పోయి నీళ్లు పోస్తదట అన్నా. అమాసకు ఉప్పు! వాడకట్టంత చూసిన్రు. ఎందుకు పోస్తున్నవే అంటే కరెంటు శ్రీశైలం చెప్పిండంటదట. కరెంటోడు ఎవడన్న నీళ్లు పొయ్యమంటడా? రాజమౌళన్న నీకు ఫోన్ గూడ చేసిండట గద. నువ్వు చెప్పలేదన్నవంట."

అవును, ఫోను చేశాడు. నాలుగు రోజుల కింద. నేను అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో నిచ్చెన మీద ఉన్నాను. "శ్రీశైలం, ఈశాన్యం మూలకు నీళ్లు పొయ్యమని, ఉప్పెయ్యమని అంతమ్మకు నువ్వు జెప్పినవా?" అని అడిగాడు. ఎర్తింగ్ గుంత మీద ఇటుకలతో చిన్న తొట్టి కట్టి, మూత పెట్టి, ఫలానాది అని రాయాలి. కడతానని రాజమౌళికి మాటిచ్చాను కూడా. ఇంకో పని పిలిస్తే మట్టి పూడ్చి వెళ్లిపోయాను. ఇప్పుడు ఆ తొట్టి సంగతి బయటపడిందనీ, దాని మీదే నిలదీస్తున్నాడనీ అనుకున్నాను. "నేనెవ్వరికి ఏం జెప్పలే అన్నా, నాకెర్కలేదు" అని ఫోను పెట్టేశాను. అరనిమిషం కూడా పట్టలేదు. బాణామతి అన్న మాట అతను అనలేదు, ఎందుకు అడుగుతున్నావని నేను అడగలేదు.

"ఇయ్యాల పదకొండింటికి తడిబట్టల ప్రమాణం" అన్నాడు సైదులు, మంచి భాగం చివరికి దాచుకున్నవాడిలా. "బోరుకాడ తానం జేసి, తడి చీరతోని ఇంటి చుట్టు మూడు సుట్లు తిరిగి, ఆ జాలీనే పట్టుకొని ప్రమాణం జెయ్యాలె. చెయ్యనిదైతే వదిలిపెడుతది, చేసిందైతే పట్టుకుంటది. అనంతయ్య పెద్దమనిషి గూసున్నడు."

గడియారం పదీ నలభై చూపిస్తోంది. చెప్పులేసుకున్న పొడి మనిషిని జివ్వుమని వదిలేసే కరెంటు, తడి చీరతో ఉత్త కాళ్లతో బురదలో నిలబడ్డ మనిషిని వదలదు. వేళ్లు బిగుసుకుపోతాయి, పట్టుకున్నది విడవడం మన చేతిలో ఉండదు. ఊరంతా చూస్తుండగా అంతమ్మ అక్కడే చచ్చిపోతుంది. చచ్చినందుకు ఆమెదే తప్పని తేలుతుంది.

బండి ఎక్కడ పెట్టానో కాసేపు గుర్తు రాలేదు. రాజమౌళికి ఫోను చేశాను, మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ప్రమాణం దగ్గర ఫోను ఎవరెత్తుతారు? సైదులు వెనక నుంచి ఏదో అరుస్తున్నాడు, వినకుండా బండి తీశాను. దారి పొడుగునా ఫామ్‌హౌస్‌ల ప్రహరీలు, రిసార్టుల బోర్డులు. చామంతుల గంపలతో వెళ్తున్న ఆటో ఒకటి రోడ్డు మధ్యలో నెమ్మదిగా పోతుంటే వాడి తాతముత్తాతలను కలిపి తిట్టాను. తిట్టాల్సింది వాణ్ణి కాదని తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, నా పని వల్ల ఒక్కరికీ చిన్న దెబ్బ తగల్లేదని దుకాణంలో అందరికీ చెప్పుకుంటాను. నా రేకు బాగుంది. నా కేబుల్ బాగుంది. నా నోరే ఆమెను చంపబోతోంది.

నేను చేరేసరికి వాకిలి నిండా జనం. అంతమ్మ మూడో చుట్టు తిరిగి వస్తోంది. నెరిసిన జుట్టు మెడకు అంటుకుపోయింది, చీర నుంచి నీళ్లు కారుతున్నాయి, కాళ్లకు చెప్పుల్లేవు. ఆమె నడిచిన చోటల్లా నేల బురదైంది. జాలీ ఆమెకు పదడుగుల దూరంలో ఉంది.

"ముట్టుకోకు అవ్వా! అది కరెంటు! ముట్టుకోకు!"

ఎవరో నా భుజాలు పట్టుకున్నారు. "ప్రమాణం నడుమ మాట్లాడొద్దు" అన్నాడు అనంతయ్య కుర్చీలోంచి, పిల్లవాడికి చెప్పినంత నెమ్మదిగా. అంతమ్మ నా వైపు చూసింది. ఆగలేదు. ఆ చూపులో నన్ను గుర్తుపట్టిన జాడే లేదు.

వాళ్లతో వాదించే సమయం లేదు. భుజాలు విదిల్చుకుని గేటు బయటికి పరుగెత్తాను. స్తంభం మీద ఛాతీ ఎత్తున ఫ్యూజుల పెట్టె ఉంది, అదీ నేను పెట్టిందే. మూత లాగితే రాలేదు, తుప్పు పట్టింది. రాయి తీసుకుని కొట్టాను. లోపల వేలు పెట్టి ఫ్యూజును పట్టి గుంజాను. అది ఊడి నా చేతిలోకి రావడమూ, వెనక నుంచి అంతమ్మ గొంతు వినబడడమూ ఒకేసారి జరిగాయి.

"ఈ ఇంటికి నేను చెడు జేసి ఉంటే, నన్ను ఇక్కడనే పట్టుకోనీ!"

వెనక్కి తిరగడానికి భయపడ్డాను. తిరిగాను. ఆమె రెండు చేతులతో జాలీ పట్టుకుని నిలబడి ఉంది. నిలబడే ఉంది. అక్కడే స్తంభం మొదట్లో కూర్చుండిపోయాను.

జనంలో ఊపిరి వదిలిన చప్పుడు. రాజమౌళి ముందుకొచ్చి భయం భయంగా జాలీకి వేలు తాకించాడు. తర్వాత అరచెయ్యి పెట్టాడు. "పోయింది! గుంజుతలేదు!" అని అరిచాడు. నిర్మల ఏడుస్తూ అంతమ్మ కాళ్లు పట్టుకుంది. "సత్తెం పలికింది గాబట్టి విడిచింది" అని అనంతయ్య కళ్లు మూసుకుని దండం పెట్టాడు.

నిజం చెబుతాను. ఆ క్షణం నాకు హాయిగా అనిపించింది. ఆమె బతికింది, ఆమె మీది మచ్చ పోయింది. ఫ్యూజు నా జేబులో ఉంది. తర్వాత రాజమౌళిని పక్కకు పిలిచి కేబుల్ పాడైందని చెప్పి బాగు చేసి, కొత్త రేకు పాతితే సరిపోతుంది. నేనాడిన అబద్ధం ఎవరికీ గుర్తుండదు. అలా అనుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

అప్పుడు జనంలోంచి ఒకామె అడిగింది. "అంతమ్మ గాకుంటే మల్ల ఎవరు?"

అందరి కళ్లూ వెతకడం మొదలుపెట్టాయి. రాజమౌళి తమ్ముడి పెళ్లాం అరుణశ్రీ ఆ మూల మల్లెపూలు తెంపడానికి వస్తుందని ఎవరో గుర్తు చేశారు. అరుణశ్రీ అక్కడే, గోడ పక్కన నిలబడి ఉంది. ఆమె చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే పక్కకు జరిగారు. ఆమె ముఖం తెల్లబోయింది.

"రేపు ఆమెతోని గూడ తానం జేపిద్దాం" అన్నాడు అనంతయ్య. ఆ మనిషిలో కోపం లేదు, న్యాయంగా ఉండాలన్న పట్టుదల మాత్రమే ఉంది.

లేచి వచ్చి వాకిలి మధ్యలో నిలబడ్డాను. ఫ్యూజు తీసి అందరికీ చూపించాను.

"ఆ రేకు పాతింది నేను. బొగ్గులు నేనే పోసిన, ఉప్పు నేనే పోసిన. అది ఎర్తింగ్. తవ్వెటప్పుడు మీ గడ్డపార మట్టిల ఉన్న కేబుల్‌ను పొడిచింది. ఇప్పుడు అవ్వ బతికిందంటే నేను ఈ ఫ్యూజు పీకిన గాబట్టి."

ఎవరూ నమ్మలేదు. రాజమౌళి నవ్వాడు కూడా. "మెయిన్ బంద్ చేసినా గుంజింది శ్రీశైలం, నా చేతులతోని నేనే బంద్ చేసిన" అన్నాడు.

మాటలతో పని కాదని తెలిసిపోయింది. బండి డిక్కీలోంచి హోల్డర్‌కు బిగించిన చిన్న బల్బు తీశాను, దానికి రెండు పొడుగు తీగలుంటాయి. జనాన్నంతా గేటు బయటికి పంపించాను. మెయిన్ బంద్ చెయ్యమని రాజమౌళినే పంపాను, చేసి వచ్చాడు. ఒక తీగను జాలీకి చుట్టాను. రెండో తీగను స్క్రూడ్రైవర్‌కు కట్టి, అంతమ్మ చీర నుంచి నీళ్లు కారి బురదైన చోట, ఆమె పాదాల అచ్చు పక్కన గుచ్చాను. బల్బును కుర్చీ మీద పెట్టి, ఎవరూ లోపలికి రావద్దని మళ్లీ అరిచి, స్తంభం దగ్గరికి వెళ్లి ఫ్యూజు పెట్టాను.

బల్బు వెలిగింది.

పట్టపగలు, మెయిన్ ఆపేసిన ఇంటి ముందు, కుర్చీ మీద ఒంటరిగా వెలిగింది. జనమంతా నోరెళ్లబెట్టి చూస్తున్నారు. నిర్మల కొంగు నోట్లో కుక్కుకుంది. అనంతయ్య బల్బును చూశాడు, దాని తీగ గుచ్చిన బురదను చూశాడు, అంతమ్మను చూశాడు. నేను ఫ్యూజు పీకేశాను. బల్బు ఆరిపోయింది.

రాజమౌళి నా దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అట్లయితే ఆ దినం ఫోన్ల చెప్పలేదని ఎందుకన్నవ్?"

తొట్టి కట్టలేదు కాబట్టి అని చెప్పాలి. ఇంత పెద్ద సంగతికి అంత చిన్న కారణం చెప్పడానికి నోరు రాలేదు. తల దించుకున్నాను.

"బిడ్డా, ఇట్ల రా" అంది అంతమ్మ.

ఆమె ఇంకా తడి చీరతోనే ఉంది. ఎవరూ ఆమెకు పొడిబట్ట ఇవ్వాలని అనుకోలేదు. దగ్గరికి వెళ్లాను.

"నాలుగు దినాలసంది వీళ్లకు ఒక్కటే మాట జెప్పిన. శ్రీశైలం జెప్పిండు, నేను పోసిన అని. నువ్వు జెప్పలేదన్నవని రాజమౌళి అన్నడు. నీకు అబద్ధమాడే పనేంది అనుకున్న. మల్ల నాకే మతి దప్పిందనుకున్న. ఎవ్వరు జెప్పకుండనే నా చెయ్యి నీళ్లు పోసిందా, అమాసకు ఉప్పేసిందా అని ఈ చెయ్యినే జూసుకుంట కూసున్న. నాలోపల ఏదో జొచ్చి జేపిస్తున్నదేమో అనుకున్న. పట్టుకుంటే పట్టుకోనీ, పీడ పోతదని జాలీ పట్టిన."

నిజం తన వైపు ఉందన్న ధైర్యంతో ఆమె జాలీ పట్టుకుందని నేను అంతవరకూ అనుకున్నాను. ఆమె చావడానికి సిద్ధపడి పట్టుకుంది. తనను తాను నమ్మడం మానేసి పట్టుకుంది. ఊరు ఆమెను నమ్మకపోవడం ఒక ఎత్తు. ఆమె మీద ఆమెకే నమ్మకం లేకుండా చేసింది మాత్రం నేను, నిచ్చెన మీద నిలబడి, అరనిమిషంలో.

"ఇప్పుడు జెప్పు. నువ్వు నాకు జెప్పినవా, లేదా?"

"చెప్పిన అవ్వా."

"ఇనవడలే."

"నేనే చెప్పిన. రోజు రెండు బకెట్ల నీళ్లు, అమాసకు గుప్పెడు ఉప్పు. నేనే చెప్పిన!" అని అరిచాను. వాకిట్లో అందరికీ వినబడింది.

అంతమ్మ తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది, ముందు అరచెయ్యి, తర్వాత వెనకవైపు. "అట్లయితే నాకేం గాలే" అని తనలో తాను అనుకుంటూ, కొంగు పిండుకుని ఇంటి దిక్కు నడిచింది.